పీత సాలీళ్ల కోసం చేలోకి దిగేముందు

అమ్మలూ,

ప్రాజెక్టుకి పీత సాలీళ్లని ఎంచుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన బొబ్బిలి చేలల్లోనే వెతుకుతావట. ఎంత సంతోషమేసిందో, రాత్రి అంత నిద్ర పట్టలేదు. నా టెన్షన్ సాలీడు గురించి కాదు, అది మనిషిని ఏమీ చెయ్యదు. చూపంతా పువ్వు మీద ఉంటే గట్టు పక్కనున్న రక్తపింజర కనిపించదు. బూట్లు లేకుండా చేలో అడుగు పెట్టావంటే నేనే వచ్చి లాక్కొస్తాను.

పీత సాలీడుకి ముందు రెండు జతల కాళ్లు పొడుగ్గా, పక్కలకి చాపి ఉంటాయి. పక్కకీ నడుస్తుంది. వేటకి వల అల్లదు, పువ్వులోనే కాపు కాస్తుంది.

రంగు చూసి మాత్రం పేరు రాసెయ్యకు. కొన్ని జాతుల్లో తెల్లగా ఉన్న ఆడది పసుపు పువ్వు మీదకి చేరితే కొద్ది రోజుల్లో పసుపుకి తిరుగుతుంది. లెన్సు పెట్టి కళ్లు చూడు. ఎనిమిది, రెండు వరసల్లో ఉంటాయి. థోమిసస్ అనే రకం పీత సాలీళ్లకి పక్క కళ్లు కొమ్ముల్లాంటి బుడిపెల మీద ఉంటాయి, పొట్ట వెనకవైపు వెడల్పు. మగది బాగా చిన్నది, పిల్ల అనుకునేవు.

మీ తాతయ్య నాటి సంగతొకటి నీకెవరూ చెప్పి ఉండరు. నువ్వుచేను నిండు పూతలో ఉంది. పువ్వులకి తేనెటీగలు కొన్ని కదలకుండా వేలాడుతున్నాయి. గాయం లేదు, రెక్క నలగలేదు. ఏదో తెగులొచ్చిందని హడలిపోయి, దుకాణంలో ఇచ్చిన మందు తెచ్చి పట్టపగలే కొట్టించారు. సాయంత్రానికి సాళ్ల నిండా తేనెటీగలు రాలి ఉన్నాయి. ఇంటి ముందు చింతచెట్టుకి పట్టిన తేనెపట్టుని ఎవర్నీ తాకనిచ్చేవారు కాదు ఆయన. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఒక్క పువ్వు వంచి చూసుంటే తెలిసేది. తేనెటీగ వాలగానే సాలీడు ముందు కాళ్లతో ఒడిసిపట్టి తల వెనక కరుస్తుంది. నమలదు, లోపలిదంతా కరిగించి పీల్చేస్తుంది. పైడొల్ల చెక్కుచెదరకుండా మిగిలేది అందుకే. కదలని తేనెటీగ కనిపిస్తే రేకు కిందకి వంగి చూడు. పక్కన రైతుంటే పిలిచి చూపించు తల్లీ, ఆయన మందు డబ్బా పట్టేలోపే.

మామిడి తోపులో ఆకులు కుట్టే ఎర్రచీమలున్న చోట కాళ్లు లెక్కపెట్టు. అమిసియా ఫోర్టిసెప్స్ అనే పీత సాలీడు అచ్చం ఆ చీమలాగే ఉండి, ఆ చీమల్నే తింటుంది. ముందు కాళ్లు మీసాల్లా ఆడిస్తుంది.

లెన్సు కొనకు, నాది ఇస్తాను. బూట్లకి డబ్బు పంపుతున్నాను. బస్సెక్కేముందు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మావయ్య