మీ ప్రశ్నలు – డాక్టర్ గారి జవాబులు: బడిలో గుండె పరీక్ష

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు, ప్రభుత్వ పాఠశాలలో ఐదో తరగతి చదువుతున్నాడు. ఈ మధ్య బడికి వచ్చిన ఆరోగ్య బృందం వాడి గుండె చప్పుడులో తేడా ఉన్నదని, ఎకో (ధ్వని తరంగాలతో గుండెను తెర మీద చూసే స్కాన్) తీయించమని చీటీ రాసి ఇచ్చింది. వాడు చక్కగా ఆడుకుంటాడు, ఆయాసం లేదు. కిందటి ఏడాది మాత్రం జ్వరం వచ్చి మోకాలు వాచింది, అది తగ్గగానే చీలమండ వాచింది. ఎదిగే వయసు నొప్పులేనని మా అత్తగారు అన్నారు. మాత్రలతో తగ్గింది కూడా. ఎకో తప్పనిసరా? జబ్బు ఉంటే ఏళ్ల తరబడి సూదులు వేయించాలట, నిజమేనా?
– ఒక తల్లి, ప్రకాశం జిల్లా

జవాబు: తప్పకుండా తీయించండమ్మా, వాయిదా వేయకండి. గుండె చప్పుడులో తేడా వినిపించిన పిల్లల్లో చాలామందికి ఏ జబ్బూ ఉండదు. జ్వరంగా ఉన్నా, రక్తం తక్కువగా ఉన్నా అటువంటి శబ్దం వినిపించవచ్చు. మీరు ఆ ఒక్క సంగతే రాసి ఉంటే ఇంత తొందరపెట్టేవాణ్ణి కాను. కానీ ఎదిగే వయసు నొప్పులకు జ్వరమూ ఉండదు, వాపూ ఉండదు. అవి రాత్రిపూట పిక్కల్లోనో తొడల్లోనో వచ్చి తెల్లారేసరికి పోతాయి. జ్వరంతో పాటు పెద్ద కీళ్లు ఒకదాని తరువాత ఒకటి వాచడం రుమాటిక్ జ్వరం లక్షణం.

ఇది ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు వస్తుంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు, ఆ సూక్ష్మజీవితో పోరాడవలసిన రోగనిరోధక శక్తి పొరపాటున సొంత కీళ్ల మీదా, గుండెలో రక్తాన్ని ఒకే దిక్కుకు పోనిచ్చే కవాటాల మీదా దాడి చేస్తుంది. కీళ్లు పూర్తిగా కోలుకుంటాయి. కవాటానికి తగిలిన దెబ్బ మాత్రం ఉండిపోవచ్చు, ఆ జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ ముదరవచ్చు. దీన్నే రుమాటిక్ గుండె జబ్బు అంటారు. కవాటం కొద్దిగా లీకవుతున్న పిల్లలు ఏళ్ల తరబడి మామూలుగానే పరుగెత్తుతారు కనుక, ఆయాసం లేదని ధీమాగా ఉండకూడదు. చిన్నప్పుడు ఎవరూ గమనించని ఈ జబ్బు తొలి కాన్పు సమయంలో ఆయాసంతో బయటపడిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు.

ఎకో పరీక్షలో నొప్పి లేదు, రేడియేషన్ లేదు. బాబును ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోమని, ఛాతీకి చల్లటి జెల్ రాసి పరికరం ఆనిస్తారు. గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం రెండు రెక్కలూ తెరుచుకోవడం, మూసుకోవడం తెర మీద కనిపిస్తాయి. మూసుకోవలసిన వేళ రక్తం వెనక్కి చిమ్మితే అది రంగు చారలా కనిపిస్తుంది, ఆ చార పొడవును డాక్టర్ కొలుస్తారు. కిందటి ఏడాది కీళ్ల వాపు సంగతి తప్పక చెప్పండి, అప్పటి మందుల చీటీ ఉంటే వెంట తీసుకువెళ్లండి.

సూదుల మాట నిజమే. జబ్బు నిర్ధారణ అయితే, రుమాటిక్ జ్వరం తిరగబెట్టకుండా బెంజథిన్ పెన్సిలిన్ అనే మందును సూదిగా సాధారణంగా మూడు వారాలకోసారి వేస్తారు. కవాటం దెబ్బతినకపోతే కనీసం ఐదేళ్లు లేదా 18 ఏళ్లు నిండే వరకు, వీటిలో ఏది ఎక్కువైతే అంతకాలం వేయించాలి. కవాటం దెబ్బతింటే ఇంకా ఎక్కువ కాలం. మందు చిక్కగా ఉంటుంది కాబట్టి సూది నొప్పి పెడుతుంది, పిల్లవాడు ఏడుస్తాడు, మీకూ కష్టంగానే ఉంటుంది. అయినా దీని విలువ తెలియాలి. ఉగాండాలో పైకి ఏ లక్షణమూ లేకుండా ఎకోలో మాత్రమే జబ్బు బయటపడిన 818 మంది పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు నాలుగు వారాలకోసారి ఈ సూది వేశారు. రెండేళ్ల తరువాత చూస్తే, సూది లేని జట్టులో 8.2 శాతం మందికి జబ్బు ముదిరింది. వేయించుకున్న జట్టులో 0.8 శాతం మందికే. పెన్సిలిన్ పడని పిల్లలకు వేరే మందు ఉంటుంది, కాబట్టి గతంలో ఏ మందుకైనా దద్దుర్లు వచ్చి ఉంటే ముందే చెప్పండి.

ప్రశ్న: మా బడిలో డాక్టర్లు స్టెతస్కోప్‌తోనే పరీక్షిస్తున్నారు. అది సరిపోతుందా? పిల్లలందరికీ ఎకో ఎందుకు తీయరు? ఉపాధ్యాయులుగా మేం చేయగలిగింది ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: సరిపోదు. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో కంబోడియాకు చెందిన 3,677 మంది బడిపిల్లలను పరీక్షించగా, స్టెతస్కోప్‌తో దొరికి ఎకోలో రుజువైన రుమాటిక్ గుండె జబ్బు కేసులు 8. అందరికీ ఎకో తీసినప్పుడు తేలినవి 79. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం) జాబితాలో ఈ జబ్బు ఉన్నా, బడికి వచ్చే బృందం చేతిలో సాధారణంగా ఉండేది స్టెతస్కోపే. చిన్న ఎకో పరికరాలు వచ్చాయి, శిక్షణ పొందిన నర్సులూ వాటితో తొలి వడపోత చేయగలరు. అయితే మూడు వారాలకోసారి సూది అందేలా, రాని పిల్లల ఇంటికి వెళ్లి పిలుచుకువచ్చేలా ఏర్పాటు లేనిచోట ఎకో మాత్రమే తీసి పంపితే, ఆ కుటుంబానికి భయం తప్ప మిగిలేది లేదని నా అభిప్రాయం. రెండూ కలిపి అడగాలి, గట్టిగా అడగాలి.

మీరు చేయగలిగింది చాలానే ఉంది. జ్వరంతో కూడిన గొంతునొప్పి వచ్చిన పిల్లలను ఆసుపత్రికి పంపించండి. అది స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చిందయితే తొమ్మిది రోజుల లోపు పెన్సిలిన్ మొదలుపెట్టినా రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. సూదులు వేయించుకుంటున్న పిల్లల తేదీలను రాసిపెట్టుకుని, ఆ రోజు సెలవు ఇవ్వండి. ఇంకొక సంగతి ఉపాధ్యాయుల కంటే ముందు ఎవరికీ కనిపించదు: అంతవరకు చక్కగా రాసే అమ్మాయి చేతిరాత ఉన్నట్టుండి చెడిపోవడం, పెన్సిలు చేజారడం, కుదురుగా కూర్చోలేక చేతులూ ముఖమూ కదిలిపోతూ ఉండడం. ఇదీ ఈ జ్వరం చూపే రూపమే, గొంతునొప్పి వచ్చిన కొన్ని నెలల తరువాత కూడా రావచ్చు. అటువంటి పిల్లను అల్లరి అనుకుని మందలించకండి. తల్లిదండ్రులను పిలిపించి, గుండె పరీక్షకు పంపించండి.