ఇన్వర్టర్ రిపేర్‌కిస్తే ట్రాన్స్‌ఫార్మరే మార్చేశాడట, కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఇంట్లో 900 వీఏ ఇన్వర్టర్ ఉంది, కొని మూడేళ్లయింది, వారంటీ అయిపోయింది. కరెంటు పోగానే బీప్ బీప్ అని అరిచి ఆగిపోతుంటే బజార్లో రిపేర్ షాపులో ఇచ్చాను. మాస్‌ఫెట్లు (బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చడానికి స్విచ్చుల్లా పనిచేసే చిన్న భాగాలు) పోయాయని 1,800 తీసుకున్నాడు, బిల్లు ఇవ్వలేదు, ఫోన్‌పే చేశాను. తొమ్మిది రోజులకే మళ్లీ అదే కథ. తీసుకెళ్తే ఈసారి ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, 3,500 అవుతుందన్నాడు. వద్దులే, తిరిగిచ్చెయ్ అంటే చెకింగ్ చార్జీ 500 కడితేనే ఇస్తానని కూర్చున్నాడు, కట్టి తెచ్చుకున్నాను. ఇంకో మెకానిక్ మూత విప్పి చూసి "ఇది అల్యూమినియం ట్రాన్స్‌ఫార్మర్ అన్నా, మీ కాపర్‌ది కొట్టేసినట్టున్నారు" అన్నాడు. దొంగతనం కేసు పెట్టొచ్చా? బిల్లు లేకుండా కన్జ్యూమర్ కోర్టుకి వెళ్లొచ్చా?

జవాబు: కేసు సంగతి తర్వాత, ముందు నేనొకటి అడుగుతాను. కంపెనీవాడు అందులో పెట్టింది కాపర్ ట్రాన్స్‌ఫార్మరే అని మీకెలా తెలుసు? కోపం తెచ్చుకోకండి, రేపు ఆ షాపువాడి వకీలు లేచి అడిగే మొదటి ముక్క ఇదే. తక్కువ రేటు ఇన్వర్టర్లలో ఫ్యాక్టరీ నుంచే అల్యూమినియం తీగ చుట్టినవి వస్తాయి, ఖర్చు తగ్గుతుంది కాబట్టి. అలాగని కాపర్ పీకేసి అల్యూమినియం బిగించే ఘనులు లేరని కాదు, కాపర్ రేటు అలా ఉంది మరి. మీది ఈ రెండిట్లో ఏదో తేలకుండా స్టేషన్ మెట్లెక్కితే ఎస్సై గారు రెండు నిమిషాలు విని "ఇది సివిల్ మ్యాటర్ అండీ, కోర్టుకి వెళ్లండి" అని పంపించేస్తారు.

తేల్చుకోవడం పెద్ద కష్టమేం కాదు. అటక మీద ఇన్వర్టర్ అట్టపెట్టె, మాన్యువల్ ఉన్నాయేమో వెతకండి, వాటి మీద సాధారణంగా బరువు రాసి ఉంటుంది, కొన్ని కంపెనీలైతే కాపర్ వైండింగ్ అని గొప్పగా అచ్చేసుకుంటాయి కూడా. పక్కనున్న కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద ఇన్వర్టర్ పెట్టి, అంకె కనబడేలా ఫోటో తీయండి. అల్యూమినియం బరువు కాపర్‌లో మూడో వంతే, లోపల ఇనుప కోర్ ఎలాగూ ఉంటుంది కాబట్టి మొత్తం బరువులో అంత తేడా రాదు గానీ ట్రాన్స్‌ఫార్మర్ మారి ఉంటే తూకంలో ఎంతో కొంత బయటపడుతుంది. ఇంకొకటి, పైపైన చూసి కాపరా కాదా చెప్పడం అయ్యే పని కాదు, వార్నిష్ కోటింగ్ వల్ల అల్యూమినియం తీగ కూడా ఎర్రగానే కనబడొచ్చు. తీగ కొసన బ్లేడుతో కాస్త గీకితే లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం, ఎర్రగా ఉంటే కాపర్. ఆ గీకేది మీరు కాదు, మెకానికే, అది కూడా బ్యాటరీ వైర్లు రెండూ తీసేసి, మెయిన్స్ ప్లగ్ పీకేసి, కరెంటు దాచుకుని ఉండే కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాక.

బరువు కన్నా నేను ఎక్కువ నమ్మేది దుమ్ముని. మూడేళ్ల ఇన్వర్టర్లో బోర్డు మీద, ఫ్యాన్ రెక్కల మీద, వైర్ల మీద మట్టి పేరుకుని ఉంటుంది కదా, అన్నీ అలా ఉండి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే కొత్త పెళ్లికూతురిలా మెరుస్తుంటే, స్క్రూల చుట్టూ గీతలుంటే, తీగలు అతికిన చోట సోల్డర్ తాజాగా ఉంటే, అప్పుడు మీ అనుమానానికి ఒక అర్థం ఉంటుంది. ఏం తుడవకుండా ఫోటోలు తీసిపెట్టండి. రెండో మెకానిక్‌ని తను ఏం చూశాడో ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టమనండి. వాళ్లు వాళ్లు ఒక బజారు మనుషులు కాబట్టి సంతకం దగ్గర జంకుతాడేమో, అడిగి చూడండి.

ఇవన్నీ బలంగా ఉంటే దొంగతనం అనకుండా నమ్మకద్రోహం అనాలి, ఎందుకంటే వస్తువు మీరే మీ చేత్తో అప్పగించారు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత నడుస్తోంది, అందులో సెక్షన్ 316. శిక్ష ఐదేళ్ల దాకా ఉంది గానీ వాడి దురుద్దేశం మీరు రుజువు చేయాలి, అనుమానం ఒక్కటే పనికిరాదు. నన్నడిగితే మీ ఫీజు నాకొద్దు, ఈ దారి మీకొద్దు.

మీకు అసలు బలమైన కేసు వేరే ఉంది, మీరే దాన్ని పక్కన పెట్టేశారు. 1,800 తీసుకుని చేసిన పని తొమ్మిది రోజులు కూడా నిలవలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో దీన్ని సేవాలోపం అంటారు. మాస్‌ఫెట్లు ఊరికే కాలవు, వాటిని నడిపించే డ్రైవర్ సెక్షన్ పాడైనా, గేట్ రెసిస్టర్లు పోయినా, ఓవర్‌లోడ్ అయినా కాలతాయి, ఆ కారణం వెతకకుండా కాలినవి మాత్రం మార్చి పంపిస్తే కొత్తవీ అదే దారి పడతాయి. వరసలో ఒకటి పోతే దాని పక్కవాటికీ దెబ్బ తగిలి ఉంటుంది కాబట్టి మంచి మెకానిక్ మొత్తం సెట్టు మారుస్తాడు. మీవాడు ఎన్ని మార్చాడు, పాతవి చేతికిచ్చాడా? ఇవ్వకపోతే ఆ మాట ఫిర్యాదులో రాయండి. అవతలివాడు "మిక్సీ వేసుంటారు, ఓవర్‌లోడ్ అయింది" అంటాడు చూడండి, అందుకని ఆ తొమ్మిది రోజులూ దాని మీద ఏం నడిచాయో, ఫ్యాన్లెన్ని లైట్లెన్ని, ఇప్పుడే రాసిపెట్టుకోండి, మిక్సీ నిజంగా వేసుంటే అది నాకు దాచకండి.

బిల్లు లేకపోతే కేసు పోతుందని చాలామంది భయపడతారు. సేవ చేసి బిల్లు ఇవ్వకపోవడాన్నే ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల లిస్టులో పెట్టింది, అంటే తప్పు వాడిది. మీకు ఫోన్‌పే ఎంట్రీ ఉంది, అదే తేదీతో బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి, వాడితో వాట్సాప్ మాటలుంటే డిలీట్ చేయొద్దు.

500 దగ్గర మాత్రం వాడికి కొంత చట్టం ఉంది. 1872 కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 170 ప్రకారం ఒక వస్తువు మీద పనితనం పెట్టి పని చేసినవాడు ఆ పని కూలి ఇచ్చేదాకా దాన్ని తన దగ్గర పెట్టుకోవచ్చు. కానీ రెండోసారి వాడు చేసిన పనేంటి? తన రిపేరే ఫెయిలై వస్తే చూశాడు, చెకింగ్ చార్జీ ఉంటుందని ముందే చెప్పాడా? చెప్పకపోతే ఆ 500 కూడా అడగండి.

ముందు ఒక తెల్ల కాగితం మీద జరిగింది తేదీలతో రాసి, 2,300 తిరిగివ్వమని పదిహేను రోజులు గడువిచ్చి స్పీడ్ పోస్ట్‌లో పంపండి, వకీలు లెటర్‌హెడ్ అక్కర్లేదు. కదలకపోతే కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ రాయించండి, ఆ తర్వాతే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్, అంటే మీరన్న కన్జ్యూమర్ కోర్టు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లోంచే వేయొచ్చు, మీ కేసు మీరే వాదించుకోవచ్చు, గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ల టైం ఉంది. వస్తువుని ల్యాబ్‌కి పంపమని కమిషన్‌ని అడిగే వీలు కూడా చట్టంలో ఉంది గానీ టెస్టుకయ్యే డబ్బు మిమ్మల్నే ముందు కట్టమంటారు, 2,300 కోసం అంత దూరం పోవాలా అన్నది మీ ఇష్టం. టెస్టు అక్కర్లేని కేసు మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, మూడు నెలలని మీ ఇంట్లో మాత్రం చెప్పకండి.

ఈలోగా ఎండల్లో ఫ్యాన్ లేకుండా కూర్చోమని నేననను. ఫోటోలు, తూకం, మెకానిక్ కాగితం అయ్యాక బాగు చేయించుకోండి, తీసేసిన ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం పాత సామాన్లవాడికి వేయకుండా సంచిలో కట్టి పెట్టండి. కొత్తది వేసేవాడి చేత "కాపర్ వైండింగ్, ఇన్ని నెలల గ్యారంటీ" అని బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బులివ్వండి.