అనాటమీ ఎండీ చేసి వెన్నెముక మీద రీసెర్చ్ చేస్తే పేషెంట్‌కి ఏమైనా ఉపయోగం ఉంటుందా?

మీ తమ్ముడు అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) ఎండీ చేసి వెన్నెముక మీద రీసెర్చ్ చేస్తానంటే ఇంట్లో అందరూ పేషెంట్లే ఉండని బ్రాంచ్ ఎందుకంటున్నారని రాశారు కదా. నేను విజయవాడలో ఫిజియోథెరపిస్ట్‌ని, ఒకప్పుడు నేనూ అనాటమీ అంటే ఫస్టియర్‌లో ఫార్మలిన్ వాసనలో పేర్లు బట్టీపట్టి వైవా గట్టెక్కడమే అనుకున్నా. అమ్మకి నడుం నొప్పి వచ్చాక ఆ మాట వెనక్కి తీసుకున్నా.

అమ్మ మూడేళ్లు బాధపడింది, పొయ్యి దగ్గర పది నిమిషాలు నిలబడలేకపోయేది. ఎంఆర్ఐలో డిస్క్ బల్జ్ అని, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు బయటికి ఉబ్బిందని వచ్చింది, ఒకచోట ఆపరేషన్ అన్నారు, కానీ నొప్పే లేనివాళ్లలో కూడా చాలామందికి బల్జ్ కనిపిస్తుంది కాబట్టి నాకు మనసొప్పలేదు. తర్వాత ఒక పెయిన్ డాక్టర్ వెన్నుపూసల వెనక ఉండే ఫేసెట్ జాయింట్ల నరాల దగ్గర కొంచెం మత్తుమందు ఇచ్చారు, ఆ సాయంత్రం అమ్మ నిలబడి పప్పుచారు పెట్టింది, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టర్ మాత్రం ఒక్కసారి తగ్గితే నమ్మకూడదు, ఇంకో రోజు వేరే మందుతో మళ్లీ చూడాలన్నారు. ఎందుకని అడిగితే నికొలాయ్ బొగ్‌డుక్ పేరు చెప్పారు.

ఈయన ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ యూనివర్సిటీలో అనాటమీ ప్రొఫెసర్‌గా పనిచేశారు. నొప్పి కబురు మోయకుండా ఫేసెట్ నరాలు కాల్చే ట్రీట్‌మెంట్ అప్పటికే ఉంది, కానీ 1979లో ఆయన ఇంకొకరితో కలిసి మృతదేహాల్లో ఆ నరాల దారి వెతికి చూస్తే, డాక్టర్లు సూది పెడుతున్న చోట అసలు నరమే లేదు! అది ఎక్కడుందో, ఏ ఎముక మీదుగా పోతుందో చూపించారు. 1981లో డిస్క్ బయటి పొరల్లో కూడా నరాలున్నాయని రాశారు, అంటే డిస్క్ కూడా స్వయంగా నొప్పి పుట్టించగలదు. తర్వాత నరాన్ని కాల్చే సూది లాంటి ఎలక్ట్రోడ్‌ని నరానికి పొడిచినట్టు కాకుండా పక్కన ఆనుకుని పడుకోబెట్టాలని తేల్చారు, ఎందుకంటే వేడి కొన నుంచి ముందుకి పెద్దగా పోదు, చుట్టూ పక్కలకే పాకుతుంది.

1996లో ఆయన టీమ్ యాక్సిడెంట్ తర్వాత మెడనొప్పి పోని 24 మందిని తీసుకుంది. సగం మందికి 80 డిగ్రీల వేడి, సగం మందికి ఎలక్ట్రోడ్ పెట్టినా వేడి లేదు, ఎవరికేదో పేషెంట్‌కి తెలీదు. నొప్పి మళ్లీ పెరిగి మునుపటి నొప్పిలో సగానికి చేరడానికి వేడి పెట్టినవాళ్లకి మధ్యస్థంగా 263 రోజులు పట్టింది, మిగతావాళ్లకి 8 రోజులే.

అందరి నడుం నొప్పీ ఫేసెట్ వల్ల రాదు, అందుకే కాల్చే ముందు రెండుసార్లు టెస్ట్ బ్లాక్, అంటే అమ్మకి చేసినట్టు నరం దగ్గర మత్తుమందిచ్చి నొప్పి తగ్గుతుందో లేదో చూడటం ముఖ్యం. అమ్మకి రెండోసారీ తగ్గింది, కాల్చాక పది నెలలు హాయిగా తిరిగింది, నరం మళ్లీ పెరిగి నొప్పి వస్తే ఇంకోసారి చేయించాం. మీ తమ్ముణ్ణి ఆపకండి, ముందు ఆ 1979 పేపర్ చదవమనండి.