గుమ్మడి గింజల నూనె: జింకు సీసాలో లేదు

ప్రశ్న: మా వారికి 61 ఏళ్లు, ప్రోస్టేట్ పెరిగిందని మాత్ర వాడుతున్నారు. జింకు ఎక్కువంటే 250 మి.లీ. గుమ్మడి గింజల నూనె కొన్నాం. తాలింపు పెడితే పొగలొచ్చి కూర చేదెక్కింది. పైగా సీసాలో ఎర్రగా, గరిటెలో పచ్చగా ఉంది. కల్తీయా? – ఓ పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: రంగు చూసి భయపడకండి. ఈ నూనె మందంగా ఉంటే ఎరుపు, పలచగా పరుచుకుంటే ఆకుపచ్చ. తెల్లటి పళ్లెంలో చుక్క వేసి వంచి చూడండి, తెలుస్తుంది. అయితే రంగు బాగున్నంత మాత్రాన స్వచ్ఛమని కాదు. లేబుల్ మీద వేరే నూనె పేరు ఉందేమో చదవాలి.

ఇక జింకు. అది నూనెలో కరగదు. మెగ్నీషియమూ అంతే. గానుగలో నూనె దిగిపోయాక రెండూ గింజల పిప్పిలోనే మిగులుతాయి. జింకు కావాలంటే గింజలే తినాలి: 30 గ్రాముల గింజ పప్పులో సుమారు 2 మి.గ్రా. ఉంటుంది. మగవారికి రోజుకు 17 మి.గ్రా. కావాలి కాబట్టి గింజలు కూడా కొంతే తీరుస్తాయి.

నూనెలో ఉండేవి వేరు. దాదాపు సగం లినోలిక్ ఆమ్లం (ఒమేగా-6 కొవ్వు), ఆ తర్వాత ఒలీయిక్ ఆమ్లం (ఒమేగా-9 కొవ్వు), గామా రకం విటమిన్-ఇ, ఫైటోస్టెరాల్స్ (మొక్కల్లో ఉండే కొలెస్ట్రాల్ లాంటి పదార్థాలు). ఒమేగా-3 లేనట్టే. దానికి ఫిషింగ్ హార్బర్ కవళ్లు, కానాగంతలే నయం.

మూత్రం ఇబ్బంది కొందరిలో కొంత తగ్గినట్టు చిన్న పరీక్షల్లో కనిపించింది. మాత్ర మానేసేంత ఆధారం మాత్రం కాదు. మూత్రం ఆగిపోయినా, రక్తం కనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

శుద్ధి చేయని ఈ నూనె ఆవాలు చిటపటలాడే వేడిని తట్టుకోదు. తాలింపు వేరుశనగ నూనెతోనే పెట్టండి. పప్పో, పెరుగు పచ్చడో పొయ్యి దించాక పైన రోజుకు రెండు టీస్పూన్లు వేసుకుంటే చాలు. టీస్పూనుకు సుమారు 40 క్యాలరీలు, అంత మేర వేరే నూనె తగ్గించాలి. మీ సీసా 25 రోజులొస్తుంది. అదీ మంచిదే: మన విశాఖ ఉక్కలో మూత తీసిన సీసా గట్టు మీద ఉంటే కనరు వాసన పట్టేస్తుంది. నల్ల గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి.

ప్రశ్న: కూర గుమ్మడి గింజలు ఎండబెట్టి నూనె ఆడించొచ్చా? ఎండబెడితే బూజు పట్టింది. – గాజువాక పాఠకుడు

జవాబు: లీటరు నూనెకు రెండున్నర, మూడు కిలోల ఎండు గింజలు కావాలి. అదీ ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతంలో పండే, పొట్టు లేని గింజలైతే. మన కాయలవి పొట్టు గట్టివి, ఆడిస్తే గిట్టదు. తినడానికి దాచుకోండి. బూజుకు కారణం గుజ్జు, సముద్రపు తేమ. గింజలు నీళ్లలో రుద్ది గుజ్జు పూర్తిగా వదిలించి, ఒక్క వరుసగా పరిచి, సాయంత్రం కాగానే లోపలికి తెచ్చేయాలి. వంచితే టక్కున విరగాలి, మెత్తగా వంగితే ఇంకా తడి ఉన్నట్టే. తర్వాత మూకుడులో సన్న సెగ మీద వేయించి, చల్లారాకే డబ్బాలో పోయండి.

ప్రశ్న: జుట్టుకు పట్టిస్తే ఒత్తుగా పెరుగుతుందా? – సీతమ్మధార

జవాబు: 2014లో కొరియాలో 76 మంది మగవారితో 24 వారాల పరీక్ష జరిగింది. ఈ నూనె రోజుకు 400 మి.గ్రా. క్యాప్సూళ్లుగా మింగినవారిలో వెంట్రుకలు పెరిగాయి. కానీ ఆ క్యాప్సూళ్లలో వేరే పదార్థాలూ ఉన్నాయి, తలకు రాయడాన్ని అందులో చూడనే లేదు. ఖరీదైన నూనె, కొబ్బరి నూనెలా మాడుకు మర్దనా చేయకండి.