టెంటు దాకా రాలేనివాళ్ల ధర్నా పనులు

అమ్మడూ,

మన వికలాంగుల ధర్నాకు హైదరాబాద్ ఇందిరా పార్కు ధర్నా చౌక్ దాకా రాలేను, ఇంట్లోంచి నేనేం చేయగలనని అడిగావు. పనికి కొదవ లేదు. లైకులు, ఫార్వర్డులు మాత్రం చివర్లో చూసుకుందువు. ముందు ఆఫీసులో తేదీ వేసి తీసుకోక తప్పని కాగితం కావాలి.

మీ మండలాఫీసు ర్యాంపు సంగతే తీసుకో. "బాగాలేదు" అని రాస్తే "చూస్తాం" అంటారు, అక్కడితో సరి. నువ్వు కొలతలు పంపు. ఎవరినైనా టేపు పట్టుకుని వెళ్లమను. మెట్ల మొత్తం ఎత్తు, నేల మీద ర్యాంపు పొడవు కొలిచి, టేపు మీద అంకెలు కనపడేలా ఫొటో తీయమను. లెక్క సులువే, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మూడు మెట్లు కలిపి 45 సెంటీమీటర్లుంటే ర్యాంపు 5.4 మీటర్లు రావాలి. జాగా లేదని రెండు మీటర్లలో ముగించేస్తారు. అది నామ్ కే వాస్తే ర్యాంపు. ఎక్కబోతే వీల్‌చైర్ ముందు చక్రాలు పైకి లేస్తాయి, మనిషి వెనక్కి పడతాడు. పాత ప్రభుత్వ భవనాలను సరిచేయడానికి 2016 వికలాంగుల హక్కుల చట్టం 45వ సెక్షన్ ఐదేళ్లే ఇచ్చింది. ఆ ఐదేళ్లు రూల్స్ వచ్చిన 2017 జూన్ నుంచి లెక్క. ఆ గడువు ఎప్పుడో దాటిందని కూడా ఒక లైను రాయి.

ఇదే విషయం మీద సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. మండల స్థాయికి ఫీజు 5 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అతికిస్తే చాలు. మూడే అడుగు: ర్యాంపుకు ఎంత మంజూరైంది, ఎం బుక్ (చేసిన పని కొలతలు రాసే రికార్డు) నకలు, బిల్లు పాస్ చేసిన అధికారి హోదా. "ఎందుకిలా కట్టారు" అనొద్దు. దానికి రికార్డు ఉండదు, ఆ వంకతో తిప్పి పంపుతారు. పని వేరే శాఖదైతే వాళ్లే 5 రోజుల్లో అక్కడికి పంపాలి. రాయడం కష్టమైతే నోటితో చెప్పు. రాసుకోవడానికి సాయపడే బాధ్యత ఆ అధికారిదే. జవాబుకు 30 రోజులు, రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. స్పీడ్ పోస్టు రసీదు ఆ రోజే ఫొటో తీసిపెట్టుకో, ఆ కాగితం మీద అచ్చు కొన్నాళ్లకు వెలిసిపోతుంది.

అధికారులకు మెయిళ్లు పంపేటప్పుడు అందరూ ఒకే మ్యాటర్ కాపీ కొట్టకండి. 200 వచ్చినా ఒకటిగానే లెక్కేస్తారు. ప్రతి ఒక్కరూ తమ ఊరి ఆఫీసు, దాని మెట్లు ఎన్నో రెండు లైన్లు కలపాలి.

పోస్టర్ల దగ్గర మనవాళ్లే మనవాళ్లను మరిచిపోతారు. డీటీపీలో అను ఫాంటుతో కొట్టిన మ్యాటర్‌ను అలాగే వాట్సాప్‌లో పేస్టు చేస్తే చూపులేనివాళ్లకు ఫోనులో చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు చదువుతుంది. బొమ్మగా పెడితే అందులో అక్షరాలున్నాయని కూడా చాలాసార్లు తెలియదు. ప్రతి పోస్టర్ కిందా అదే విషయం యూనికోడ్‌లో, అంటే ఫోను తెలుగు కీబోర్డుతో, టైప్ చేసి పెట్టు. ఈ పని నువ్వే పట్టు, ఇంకెవరూ చేయరు.

ఇక ధర్నా రోజు. ఇంట్లో ఒక ఫోను పొద్దున్నుంచీ కదలకూడదు. వెళ్తున్నవాళ్ల జాబితా ముందురోజే రాసుకో: పేరు, వేసుకునే మందులు, వాటి వేళలు, ఇంటివాళ్ల నంబరు, ఏ బస్సులో వస్తున్నారు. వీల్‌చైర్ పట్టే టాయిలెట్ దగ్గర్లో ఎక్కడుందో పొద్దున్నే ఒకర్ని పంపి చూపించు. చాలామంది టాయిలెట్ భయంతోనే నీళ్లు తాగరు, మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి. రెండు గంటలకోసారి ఫోన్ చేసి అందరూ ఉన్నారా, మందులు వేసుకున్నారా అని అడుగు. రోజంతా ఒక్కదానివే కూర్చోకు, ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకోండి. పోలీసులు ఎవరినైనా ఎక్కించుకుంటే ఏ స్టేషను, ఎన్ని గంటలకు, బండి నంబరు ఎంత అనేవి వెంటనే రాసుకో. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలి కాబట్టి టైము ముఖ్యం. లీగల్ సర్వీసెస్ నంబరు 15100. వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు.

నువ్వు మాట్లాడాలనుకుంటే లైవ్‌లో వద్దు. జనంలో నెట్‌వర్క్ అందదు, మైకు దగ్గర ఫోను పెడితే గీమని అరుస్తుంది. నిమిషం పాటు ముందే రికార్డు చేసి మైకువాళ్లకు పంపేయ్, వాళ్లు కేబుల్ పెట్టి వినిపిస్తారు.

ఒక్క జాగ్రత్త. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), ఆధార్ ఫొటోలు గ్రూపుల్లో పెట్టకు, ఎవరడిగినా సరే.

టేపు కొలతలు రాగానే నాకు పంపు. దరఖాస్తు పోస్టు చేసేముందు ఒకసారి చూస్తాను.

మీ పెద్దనాన్న