అమ్మానాన్నలకు ఏం చూపించాలి?

ప్రశ్న: విదేశంలో ఎమ్మెస్ చదువుతున్నాను. అమ్మానాన్న పది రోజులకు వస్తున్నారు. రోజుకు మూడు చోట్లు చొప్పున ప్లాన్ వేశాను. మధ్యలో క్లాసులు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ ప్లాన్‌లో సగం కొట్టెయ్యమ్మా. నేను చదువుకునేటప్పుడు మా అమ్మను దిగిన మర్నాడే మ్యూజియానికి తీసుకెళ్లాను. పాపం, బెంచీ మీదే నిద్రపోయింది. ఒంట్లోని గడియారం సర్దుకోవడానికి, రెండు దేశాల టైముల మధ్య ఒక్కో గంట తేడాకు సుమారు ఒక రోజు పడుతుంది. మొదటి రెండు రోజులూ పగటి వెలుతురులో దగ్గర్లోనే నడిపించు. తర్వాత నువ్వు కూర్చునే లైబ్రరీ, ఎక్కే బస్సు, నీ గది కిటికీ చూపించు. మా అమ్మ ఇప్పటికీ తలుచుకునేది ఆ కిటికీనే. క్లాసులున్న రోజు అడ్రస్ కాగితం మీద రాసివ్వు. ముందురోజే ఒకసారి ఆ బస్సులో తిప్పితే, వాళ్లంతట వాళ్లే వెళ్లొస్తారు.