రైలు అవుటర్లో ఆగిందంటే?

ప్రశ్న: స్టేషన్ ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, రైలు మాత్రం కదలదు. ‘అవుటర్లో పెట్టేశాడు’ అంటారందరూ. ఏమిటీ అవుటర్? సిగ్నళ్ల గురించి రైల్వేవాళ్లు వాడే మాటలు ఇంకేమైనా చెప్తారా?
– ఓ పాఠకురాలు, తుని

జవాబు: అమ్మా, మీ రైలు ఆగినచోట ఇప్పుడు అవుటర్ అనే సిగ్నలే ఉండదు. ఎర్రచెయ్యి కిందికి వాలే పాతకాలపు సిగ్నళ్లలో, స్టేషన్‌కి వచ్చే బండికి మొదట ఎదురయ్యేది అవుటర్. రంగుదీపాలు వచ్చాక అక్కడ డిస్టంట్ పెట్టారు. అది ఎర్రగా వెలగదు, బండిని ఆపదు. ముందున్న హోమ్ సిగ్నల్, అంటే బండిని స్టేషన్‌లోకి రానిచ్చే సిగ్నల్, సంగతి చెబుతుందంతే. మిమ్మల్ని ఆపేది ఆ హోమే. సిగ్నల్ పోయినా జనం నోట్లో మాట పోలేదు.

కొత్తగా చేరినవాళ్లను తికమకపెట్టేవి ఆన్, ఆఫ్. మా రైల్వేవాళ్లకు సిగ్నల్ ‘ఆన్’లో ఉంటే బండి ఆగాలి, ‘ఆఫ్’ అయితే కదలొచ్చు. దించడానికి చెయ్యి లేకపోయినా ‘సిగ్నల్ లోయర్ చేశావా?’ అనే అడుగుతాం. దీపం ఉండుండి ఎరుపుకి పోయి వస్తుంటే ‘బాబింగ్’. అసలు వెలగకపోతే ‘బ్లాంక్’. హోమ్ బ్లాంక్ అయిందంటే ఎర్రదీపం కిందే లెక్క.

స్టేషన్ మాస్టరుగా నేను ఎక్కువ గౌరవించిన మాట పీఎన్, అంటే ప్రైవేట్ నంబర్. గేటు వేయమని గేట్‌మన్‌కి ఫోన్ చేస్తాం. వానలో, గరగరలాడే లైన్లో ‘వేస్తున్నా’ అన్నది ‘వేశా’ అని వినిపిస్తే ప్రాణాలు పోతాయి. అందుకే అతను గేటు వేసి, తన దగ్గరున్న కాగితంలోని నంబరు చెప్పాలి: “పీఎన్ నాలుగు ఏడు, నలభై ఏడు సార్.” నేను తిరిగి పలికి రిజిస్టర్లో రాస్తాను, అతను ఆ నంబరు కొట్టేస్తాడు. ఆ తర్వాతే సిగ్నల్. నంబరు చెప్పకుండా ‘అయిపోయింది సార్’ అంటే ఎంత తెలిసినవాడైనా ఒప్పుకునేవాణ్ణి కాదు.

‘లైన్ క్లియర్’ ఇప్పుడు పెళ్లి సంబంధాల దాకా వెళ్లింది. మాకది బండిని పంపమని పక్క స్టేషన్ ఇచ్చే అనుమతి.

లోకో పైలట్లకు టెన్షన్ పుట్టించే మాట ‘స్పాడ్’, ఎర్ర సిగ్నల్ దాటిపోవడం. అది జరగకూడదనే ఇంజిన్‌లో ఇద్దరూ ప్రతి సిగ్నల్ రంగూ పైకి చెప్పుకుంటారు. ప్లాట్‌ఫారం చివర నిలబడితే ఎప్పుడైనా ‘స్టార్టర్ గ్రీన్’, అంటే స్టేషన్ నుంచి బండిని కదలనిచ్చే సిగ్నల్ పచ్చగా ఉందన్న కేక మీకూ వినిపించవచ్చు.